గోల్కొండ కాపలా మూడు వందల మీటర్లతో సరా?

భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ మహానిర్దేశకులకు, జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ అధ్యక్షులకు, తెలంగాణ రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ ఉన్నతాధికారులకు, హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) కమిషనర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులారా,

గోల్కొండ కోటను కంటికి రెప్పలా కాపాడుతున్నామని ఒకవైపు చెబుతూనే, ఆ కోట శిఖరం నుంచి కనిపించే దిగంతాన్ని ఎకరాల లెక్కన, అంతస్తుల లెక్కన అమ్మకానికి పెట్టడం ఏ విధమైన సంరక్షణ అవుతుందో మీరు ప్రజలకు వివరించవలసిన సమయం వచ్చింది. కోట గోడను ఎవరైనా పగలగొడితే శిక్షించే చట్టం మీ దగ్గర ఉన్నది గానీ, కోట చూపుకు అడ్డంగా భవనాల గోడ లేస్తే అడగవలసిన అధికారి ఎవరన్నది మీ నాలుగు కార్యాలయాల్లో ఎవరూ తేల్చడం లేదు. సర్వేక్షణ సంస్థ బాధ్యత రక్షిత సరిహద్దు నుంచి 300 మీటర్ల దగ్గర ఆగిపోతున్నది. నగరాభివృద్ధి సంస్థ ప్రణాళిక సరిగ్గా అక్కడి నుంచి, ఆ పక్కన ఒక కోట ఉన్నదన్న స్పృహ లేకుండా మొదలవుతున్నది. మీ సౌకర్యం కోసం జరిగిన ఈ బాధ్యతల పంపకాన్ని, గోల్కొండను తమ ఉమ్మడి ఆస్తిగా భావించే ప్రజలు అంగీకరించలేరు.

బాలాహిస్సార్, అంటే కోట లోపలి కొండమీది దుర్గం, ఎందుకోసం నిర్మించబడిందో సర్వేక్షణ సంస్థకు ఇతరులు చెప్పనవసరం లేదు. చుట్టుపక్కల నేల కంటే సుమారు 120 మీటర్లు ఎత్తైన నల్లరాతి గుట్ట కొనమీద, నాలుగు వైపులా కమానులు తెరిచి ఉన్న దర్బారు మండపాన్ని, వాడుకలో బారాదరి అని పిలిచే కట్టడాన్ని, కుతుబ్ షాహీలు నిలబెట్టారు. అది కొలువు తీరే చోటు మాత్రమే అయితే అన్ని మెట్లు ఎక్కించే అవసరం లేదు, కొండ కింద రాజప్రాసాదాలు ఉండనే ఉన్నాయి. అక్కడి నుంచి నాలుగు దిక్కులూ కనిపిస్తాయి కనుకనే ఆ కట్టడం అక్కడ ఉన్నది. కింద బాలాహిస్సార్ ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన బారాదరిలో వినిపించే విచిత్రాన్ని ప్రతి గైడూ ప్రతి సందర్శకుడికీ చూపిస్తాడు, మీ శాఖలూ దానిని గోల్కొండ ప్రత్యేకతగా ప్రచారం చేస్తాయి. ఆ శబ్దమార్గం కోట రక్షణ వ్యవస్థలో ఒక సగం అయితే, పైనుంచి పారే చూపు రెండవ సగం. మొదటి సగాన్ని ప్రదర్శనగా నిలుపుకొని, రెండవ సగం మూసుకుపోతుంటే మిన్నకుండటాన్ని ఏ సంరక్షణ శాస్త్రం సమర్థిస్తుంది?

ఆ చూపు విలువ చరిత్రలో నిరూపితమైనదే. 1656లో ఔరంగజేబు యువరాజుగా కోటను ముట్టడించిన తరువాత, బయటి ప్రాకారంలోని బలహీనతలను సరిదిద్దుతూ 1666లో మూసా బురుజును కట్టారు. కోట ఈశాన్యాన ఉన్న ఎత్తైన నేల శత్రువు ఫిరంగులకు అనువుగా ఉండడంతో, దానిని కూడా గోడ లోపలికి తీసుకొని నయా ఖిలాను, అంటే కొత్త కోటను చేర్చారు. శత్రువు ఎక్కడ నిలబడి చూడగలడో, తాము ఎక్కడ నిలబడి శత్రువును చూడగలమో లెక్కించి కట్టిన కోట ఇది. 87 బురుజుల ప్రాకారం, దాని లోపల మరొక ప్రాకారం, నడుమ కొండ శిఖరం అన్న అమరికకంతటికీ ఆధారం ఆ లెక్కే. 1687లో ఔరంగజేబు చక్రవర్తిగా మళ్లీ వచ్చి ఎనిమిది నెలలు ముట్టడించినా ఈ అమరిక ఓడిపోలేదు. లోపలి అధికారి ఒకరు ద్వారం తెరిచినందువల్ల కోట పడిపోయింది. బయటి శత్రువు మూయలేకపోయిన చూపును సంరక్షకుల ఉదాసీనత మూసివేయడం న్యాయమేనా?

బారాదరి మిద్దె మీద నిలబడిన సందర్శకుడికి కనిపించేది కేవలం అందమైన దృశ్యం అని మీరు భావిస్తున్నట్లయితే, ఆ భావనను సవరించుకోవాలి. ఉత్తరాన కిలోమీటరు పైచిలుకు దూరంలో కుతుబ్ షాహీ సమాధుల గుమ్మటాలు, పడమటి వైపు తారామతి బారాదరి, ఉత్తరాన ఇంకా దూరంగా ఒకప్పుడు కోటకు నీరందించిన దుర్గం చెరువు దిక్కు, ప్రాకారం లోపల కటోరా హౌజ్, తూర్పున సుమారు 8 కిలోమీటర్ల అవతల చార్మినార్ ఉన్నాయి. రాజ్యం ఎక్కడ పాలించిందో, ఎక్కడి నీరు తాగిందో, తన మృతులను ఎక్కడ పడుకోబెట్టిందో, కోట ఇరుకైనప్పుడు 1591లో కొత్త నగరాన్ని ఎటువైపు వేసుకున్నదో ఒక్కచోట నిలబడి తెలుసుకోగలిగే స్థలం హైదరాబాద్‌లో మరొకటి లేదు. 2010లో గోల్కొండ కోట, కుతుబ్ షాహీ సమాధులు, చార్మినార్ అనే మూడింటినీ కలిపి ఒకే వారసత్వ సముదాయంగా యునెస్కో తాత్కాలిక జాబితాకు, అంటే ప్రపంచ వారసత్వ హోదా కోసం పరిశీలించదగిన స్థలాల పట్టికకు, ఎక్కించినది భారత ప్రభుత్వమే. వేర్వేరు చోట్ల ఉన్న మూడు కట్టడాలు ఒకే సముదాయం అన్న వాదనకు, చరిత్రకు తోడుగా, కంటికి కనిపించే ఆధారం బాలాహిస్సార్ నుంచి సాగే చూపే కదా? ఆ చూపును తెంచుకుంటూ ఆ దరఖాస్తును ఏ మొహంతో ముందుకు తీసుకుపోతారు?

చట్టం చాలదన్న సమాధానం కూడా నిలవదు. ప్రాచీన స్మారక కట్టడాలు, పురావస్తు స్థలాలు, అవశేషాల చట్టం, 1958కి 2010లో చేసిన సవరణ ప్రకారం, రక్షిత సరిహద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, అంటే కొత్త కట్టడాలు కూడని ప్రాంతం. దాని తరువాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అంటే అనుమతితో మాత్రమే కట్టవలసిన ప్రాంతం. అధికారులు తరచుగా ఈ రెండు అంకెల దగ్గరే ఆగిపోతారు. కానీ అదే చట్టంలోని 20ఏ, 20బీ సెక్షన్లు, కట్టడం స్థాయిని బట్టి 100 మీటర్లకు మించి నిషిద్ధ ప్రాంతాన్నీ, 200 మీటర్లకు మించి నియంత్రిత ప్రాంతాన్నీ ప్రకటించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చాయి. ఊరి నడుమ ఉన్న చిన్న మసీదుకూ, వీధి మలుపులోని ఒక మండపానికీ, కొండ శిఖరాన ఉండి మైళ్ల దూరం చూడడమే పనిగా పుట్టిన దుర్గానికీ ఒకే కొలత సరిపోదని చట్టం చేసినవారికి తెలిసినప్పుడు, దానిని అమలు చేసేవారికి తెలియకపోవడానికి కారణమేమిటి? గోల్కొండ విషయంలో ఆ మినహాయింపును వాడాలని జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ సిఫారసు చేసిందా? చేయకపోతే, అందుకు కారణాలను ప్రజల ముందు ఉంచగలదా?

రాష్ట్ర పట్టణాభివృద్ధి శాఖ బాధ్యత ఇంతకంటే తక్కువది కాదు. స్థల విస్తీర్ణానికి ఎన్ని రెట్లు అంతస్తుల విస్తీర్ణం కట్టవచ్చో నిర్ణయించే పరిమితిని ఎఫ్ఎస్ఐ అంటారు. దేశంలోని ప్రధాన నగరాలు ఏదో ఒక స్థాయిలో ఈ పరిమితిని పాటిస్తుండగా, హైదరాబాద్ 2006 నిబంధనలతో దానిని వదులుకున్నది. రోడ్డు వెడల్పు, భవనం చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలం సరిపోతే చాలు, ఎత్తుకు దాదాపు అడ్డు లేకుండా పోయింది. అంతస్తుకు 3 మీటర్ల చొప్పున లెక్కిస్తే 40 అంతస్తుల భవనం గోల్కొండ గుట్టంత ఎత్తు అవుతుంది. నగర పశ్చిమాన ఇప్పటికే 50 అంతస్తులు దాటిన భవనాలు లేచాయి. నాలుగు శతాబ్దాలకు పైగా ఈ నేల మీద అందరికంటే ఎత్తున నిలబడి చూసిన దుర్గం, ఇప్పుడు పడమటి దిక్కున తనకంటే ఎత్తైన అద్దాల వరుసను చూడవలసి వస్తున్నది.

ఆ వరుసలో కొంత భాగం ప్రైవేటు స్థలాల్లో, యజమానుల హక్కు మేరకు లేచిందని అనవచ్చు. కానీ కోకాపేట నియోపోలిస్ భూములను 2023 ఆగస్టులో వేలం వేసినది ప్రభుత్వ సంస్థ అయిన హెచ్‌ఎండీఏ స్వయంగా. ఎకరం 100.75 కోట్ల రూపాయల దాకా పలికిన ఆ వేలాన్ని విజయంగా చెప్పుకున్నారు. అమ్మేవాడే ప్రభుత్వం అయినప్పుడు, ఏ చట్టాన్నీ మార్చకుండానే, వేలం షరతుల్లో ఒక వాక్యం చేర్చి, కోట చూపుకు అడ్డు వచ్చే చోట ఎత్తును తగ్గించి, మిగిలిన చోట పెంచి భవనాల అమరికను నిర్దేశించే అవకాశం మీ చేతిలోనే ఉన్నది. ఆ వాక్యం రాయడానికి అడ్డుపడినదేమిటి? ధర కొంత తగ్గుతుందన్న భయమా, లేక కోటకు చూపు అనేది ఒకటి ఉంటుందని వేలం కాగితాలు తయారుచేసిన గదిలో ఎవరికీ తోచకపోవడమా?

భవనాల ఎత్తును కేవలం ఎవరో చూడడం కోసం నియంత్రించడం సాధ్యం కాదన్న వాదనకు మీ సొంత కార్యాలయాల్లోనే జవాబు ఉన్నది. విమానాల రాకపోకల భద్రత కోసం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రంగుల పటాలు రూపొందించి, ఏ ప్రాంతంలో ఎంత ఎత్తు దాకా కట్టవచ్చో నిర్దేశిస్తుంది. ఆ పరిధిలో ఎత్తైన భవనం కట్టదలచినవారు ఆ పటానికి లోబడే అనుమతి పొందుతారు. విమానం దారికి పటం గీయగలిగిన రాజ్యం, కోట చూపుకు పటం గీయలేదా? ప్రపంచ నగరాల్లో దీనిని దృశ్యమార్గ రక్షణ అంటారు. చూసే స్థానాన్ని, చూడవలసిన కట్టడాన్ని నిర్ణయించి, ఆ రెంటినీ కలిపే ఊహారేఖను గీసి, ఆ రేఖ కింద ఏ బిందువు దగ్గర నేల మట్టం ఎంతో లెక్కించి, భవనాలు దానిని దాటకుండా చూడడమే దాని సారాంశం.

ఆ పద్ధతి నగరాన్ని స్తంభింపజేస్తుందన్న భయం కూడా లెక్క ముందు నిలవదు. బాలాహిస్సార్ నుంచి చార్మినార్ నడిమి భాగం దాకా రేఖ గీశామనుకుందాం. దారి పొడవునా నేల సమంగా ఉన్నదని భావిస్తే, 120 మీటర్ల దగ్గర మొదలైన రేఖ 8 కిలోమీటర్ల అవతల, 56 మీటర్ల చార్మినార్‌కు సగం ఎత్తు దగ్గర ముగుస్తుంది. అంటే దారి మధ్యలో ఆ రేఖ సుమారు 74 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాని కింద 24 అంతస్తుల భవనం కూడా ఇమిడిపోతుంది. అసలు నేల ఎగుడుదిగుళ్లను బట్టి ఈ అంకె మారుతుంది గనుకనే శాస్త్రీయమైన సర్వే అవసరం. అయినా ఒక్కటి స్పష్టం. ఇరుకైన కొన్ని దృశ్యమార్గాలలో, అదీ కొంత ఎత్తుకు పైన మాత్రమే, పరిమితి విధించమని కోరడం నగరాభివృద్ధికి అడ్డుపడడం కాజాలదు. లక్షల మందికి ఇళ్లూ ఉద్యోగాలూ కావాలన్నది నిజం. అవి అన్నీ ఆ సన్నని పట్టీల మీదనే, ఆ ఎత్తులోనే ఉండి తీరాలన్నది నిజం కాదు. ఇప్పటికే లేచిన భవనాలను కూల్చమని ఎవరూ అడగడం లేదు. పడమటి చూపు చెదిరిపోయింది గనుక ఉత్తరపు చూపునూ, తూర్పు చూపునూ వదిలేద్దామనడం మాత్రం సంరక్షకుల నోట వినవలసిన మాట కాదు.

ఇతర దేశాలూ, మన దేశమే కూడా, ఈ పాఠాన్ని ఇప్పటికే నేర్చుకున్నాయి. లండన్ నగరం 1930ల దశకం నుంచే సెయింట్ పాల్ కెథీడ్రల్ కనిపించే దారులను కాపాడుకుంటున్నది. రిచ్‌మండ్ పార్కులోని ఒక మట్టిదిబ్బ మీది నుంచి 16 కిలోమీటర్ల అవతలి ఆ గుమ్మటం నేటికీ కనిపిస్తున్నదంటే అది ఆ నిబంధనల ఫలితమే. జర్మనీలో కొలోన్ కెథీడ్రల్‌ను, నది అవతలి ఒడ్డున తలపెట్టిన ఎత్తైన భవనాల కారణంగా 2004లో యునెస్కో ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. నగరపాలకులు ఆ ఎత్తులను తగ్గించుకున్న తరువాతనే, 2006లో, తొలగించింది. అదే దేశంలోని డ్రెస్డెన్ ఎల్బే లోయ, దృశ్యాన్ని చీల్చే వంతెన కట్టి తీరుతామన్న పట్టుదల వల్ల 2009లో ప్రపంచ వారసత్వ హోదానే పోగొట్టుకున్నది. మన పొరుగున ఉన్న హంపి, తుంగభద్ర మీద తలపెట్టిన వంతెన మూలంగా 1999 నుంచి 2006 వరకు ఆ ప్రమాద జాబితాలో మగ్గింది. 2021లో రామప్ప గుడికి వచ్చిన గుర్తింపును పండుగలా జరుపుకున్న తెలంగాణ ప్రభుత్వం, గోల్కొండకూ అదే గౌరవం కోరుతున్నప్పుడు, ఆ గౌరవం దేని మీద ఆధారపడుతుందో పట్టించుకోనవసరం లేదా?

ఈ నేపథ్యంలో, గోల్కొండ నుంచి కుతుబ్ షాహీ సమాధుల దాకా రోప్‌వే వేయాలన్న ప్రతిపాదన ముందుకు రావడం మీ ఆలోచనలోని వైరుధ్యాన్ని పూర్తిగా బయటపెడుతున్నది. చూపును కాపాడడానికి ఏ ఏర్పాటూ చేయకుండా, అదే చూపును టిక్కెట్టు పెట్టి అమ్మాలన్న ఆలోచన అది. పైగా, ఇప్పటికీ చాలావరకు చెక్కుచెదరకుండా మిగిలిన దృశ్యం కోటకూ సమాధులకూ నడిమి దృశ్యమే. 2013లో మొదలైన సుదీర్ఘ సంరక్షణ కృషితో ఆ సమాధుల గుమ్మటాలు, దిగుడు బావులు తమ రూపాన్ని తిరిగి పొందాయి. సరిగ్గా ఆ దారికి అడ్డంగా ఉక్కు స్తంభాలు, తీగలు, ఊగే పెట్టెలు నిలబెడితే ఇంతకాలపు ఆ శ్రమకు అర్థమేమిటి? మెట్లు ఎక్కలేని వృద్ధులకూ, వికలాంగులకూ కూడా కోట మీద హక్కు ఉన్నదన్న మాట కాదనలేనిది, ఆ హక్కును పట్టించుకోవడం ఇప్పటికే ఆలస్యమైంది. కానీ కోట నుంచి సమాధుల దాకా గాలిలో సాగే పెట్టె, కోట గడప నుంచి కొండ కొన దాకా చేరలేనివారి సమస్యకు సూటి పరిష్కారం కాదు. కింది ప్రాంగణాల్లో చక్రాల కుర్చీ సాగే దారులు, తాకి తెలుసుకోగల కోట నమూనా, శిఖరం నుంచి కనిపించే దృశ్యాన్ని కిందనే ప్రత్యక్షంగా చూపే తెరల వంటివి ఎందుకు ముందు ఆలోచించరు? ఏ నిర్ణయమైనా వారసత్వ ప్రభావ అంచనా, అంటే తలపెట్టిన నిర్మాణం చారిత్రక స్థలం విలువను ఎంత మేరకు దెబ్బతీస్తుందో నిపుణులు తేల్చే అధ్యయనం, పూర్తయి ప్రజల ముందు పెట్టిన తరువాతనే తీసుకోవాలి.

ఈ విషయంలో ప్రజల వాటా చిన్నది కాదు. ఆషాఢ మాసంలో హైదరాబాద్ బోనాలు గోల్కొండ కొండమీది జగదాంబిక అమ్మవారి సన్నిధిలోనే మొదలవుతాయి. తలపై బోనం పెట్టుకొని ఆ మెట్లు ఎక్కే స్త్రీలకు ఆ శిఖరం పర్యాటక స్థలం కంటే ముందు మొక్కు తీర్చుకునే చోటు. రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న చెరసాలను చూడడానికి భద్రాచలం భక్తులు వస్తారు. తరగతి గదిలో రాజుల పేర్లు మాత్రమే చదివిన బడిపిల్లలకు, ఆ చరిత్రకు నేల ఉన్నదనీ, దిక్కులున్నాయనీ మొదటిసారి తెలిసేది బారాదరి కమానుల దగ్గర నిలబడినప్పుడే. 2014 నుంచి స్వాతంత్ర్య దినోత్సవాన ముఖ్యమంత్రి జెండా ఎగరవేసేది కూడా ఈ కోటలోనే. రాష్ట్రం తన గౌరవానికి ప్రతీకగా ఎంచుకున్న స్థలం చుట్టూ దిగంతం ఏమవుతున్నదో అడిగే హక్కు ప్రజలకు లేదా? జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలను చెరుపు నుంచి, రూపభంగం నుంచి కాపాడవలసిన బాధ్యత రాజ్యానిదని రాజ్యాంగం 49వ అధికరణం చెబుతున్నది. చూడడం కోసం కట్టిన కట్టడానికి చూపు పోవడం రూపభంగం కాకపోతే, ఆ మాటకు మరే అర్థం మిగులుతుంది?

అందువల్ల ఈ లేఖ మీ నుంచి కోరేది నాలుగు పనులు. బాలాహిస్సార్ బారాదరి నుంచి సమాధుల వైపు, చార్మినార్ వైపు, తారామతి బారాదరి వైపు, దుర్గం చెరువు వైపు సాగే దృశ్యమార్గాలను సర్వేక్షణ సంస్థ శాస్త్రీయంగా కొలిచి, ఇప్పటికి మిగిలినదెంతో, పోయినదెంతో పటాలతో సహా ప్రకటించాలి. ఆ పటాల ఆధారంగా, 20ఏ, 20బీ సెక్షన్ల కింద పరిధిని విస్తరించే సిఫారసును ప్రాధికార సంస్థ కేంద్రానికి పంపాలి. హెచ్‌ఎండీఏ, పట్టణాభివృద్ధి శాఖలు మహానగర బృహత్ ప్రణాళికలో ఆ దృశ్యమార్గాలను చేర్చి, వాటి పరిధిలోకి వచ్చే ప్రభుత్వ భూముల వేలాల్లో ఎత్తు షరతును తప్పనిసరి చేయాలి. కొండ పైకి చేరిన సందర్శకుడికి ఏ కమాను నుంచి ఏది కనిపిస్తుందో, దానికీ కోటకూ సంబంధమేమిటో తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ భాషల్లో తెలిపే దిక్సూచి ఫలకాలు పెట్టాలి. ఏమి కోల్పోతున్నారో తెలిసిన ప్రజలే దానిని కాపాడమని మిమ్మల్ని అడగగలుగుతారు.

వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కరలేదు. ఎవరి ఇంటినీ కూల్చనవసరం లేదు. నాలుగు కార్యాలయాలు ఒక బల్ల చుట్టూ కూర్చొని ఒక పటం మీద సంతకాలు చేస్తే మొదలయ్యే పని ఇది. చేయదలచుకుంటే ఎప్పటిలోగా చేస్తారో గడువు చెప్పండి. చేయకూడదని నిర్ణయించుకుంటే, గోల్కొండ సంరక్షణ అంటే మీ దృష్టిలో గోడలూ గడ్డీ మాత్రమేనని, ఆ కారణంతో సహా, రాతపూర్వకంగా ప్రజలకు తెలియజేయండి. బాధ్యతను ఒకరి మీదికి ఒకరు నెట్టుకుంటూ కాలం గడిపితే, ఆ కాలంలో లేచే ప్రతి అంతస్తూ మీ సమ్మతితో లేచినట్లే లెక్క.

ఇట్లు,
గోల్కొండను ఉమ్మడి ఆస్తిగా భావించే పౌరుల పక్షాన